గవర్నర్‌పేట అద్దె ప్రొజెక్టర్‌కి కురోసావా పరీక్ష

పుట్టినరోజులకీ, క్రికెట్ ఫైనల్స్‌కీ, పెళ్లి వీడియోలకీ ప్రొజెక్టర్ అద్దెకిచ్చే కొట్లు విజయవాడలో ఇప్పుడు చాలానే ఉన్నాయి. వాటిలో గవర్నర్‌పేటలోని ఒక కొట్టు ఇచ్చే హోమ్ థియేటర్ ప్యాకేజీ మీద ఈ రివ్యూ. కొట్టు పేరు రాయడం లేదు. కింద చెప్పిన తప్పుల్లో ముప్పాతిక వంతు ఏ కొట్లో తీసుకున్నా ఎదురయ్యేవే.

పరీక్షకి పెట్టినవి జపాన్ దర్శకుడు అకిరా కురోసావా సినిమాలు. దానికి కారణం ఉంది. 1943లో మొదటి సినిమా, 1993లో చివరిది. యాభై ఏళ్లలో 30 సినిమాలు. అందులో దాదాపు చదరంగా ఉండే పాత ఫ్రేము ఉంది, బాగా వెడల్పాటి స్కోప్ ఉంది, 70 ఎంఎం ఉంది. నలుపు తెలుపు ఉంది, కళ్లు చెదిరే రంగులున్నాయి. మోనో సౌండుంది, స్టీరియో ఉంది. కొత్త సినిమా ఏ సెట్టింగులో వేసినా బాగానే కనబడుతుంది. కురోసావాని వేస్తే ప్రొజెక్టర్ మెనూలో ఒక్క ఐటమ్ కూడా ముట్టుకోకుండా వదలలేం.

ప్యాకేజీ ఇదీ: ఫుల్ హెచ్‌డీ డీఎల్‌పీ (చిన్న అద్దాల చిప్పుతో బొమ్మ వేసే రకం) ప్రొజెక్టర్, కాగితం మీద 3,600 ల్యూమెన్ల వెలుతురు, ట్రైపాడ్ మీద నిలబడే 100 అంగుళాల తెర, చక్రాలున్న పార్టీ స్పీకర్ ఒకటి, ఐదు మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్. రోజుకి 1,800 రూపాయలు, డిపాజిట్ 5,000, ఆధార్ జిరాక్స్. రోజంటే ఉదయం 11 నుంచి మర్నాడు 11 దాకా. కొట్టు కుర్రాడు బండి మీద తెచ్చి, బిగించి, బొమ్మ పడేదాకా ఉండి వెళ్తాడు. ఇరవై నిమిషాల పని. ఆ పనిలో చురుకుదనం ఉంది, మర్యాద ఉంది. డిస్క్ ప్లేయర్ మాత్రం ఇవ్వరు, అది మనమే చూసుకోవాలి.

గొడవ మొదలయ్యేది ఆ కుర్రాడి మంచితనంతోనే. “పక్కన నల్లగా వస్తోందండీ, ఫుల్ స్క్రీన్ పెట్టేశాను” అని వెళ్లిపోతాడు. 1957 దాకా కురోసావా తీసినవన్నీ 1.37:1 ఫ్రేములో (ఎత్తు ఒకటైతే వెడల్పు 1.37) ఉన్నవే. 100 అంగుళాల తెర వెడల్పు 221 సెంటీమీటర్లు, ఎత్తు 125. ‘సెవెన్ సమురాయ్’ దాని మీద సరిగ్గా పడితే వెడల్పు 171 సెంటీమీటర్లే. రెండు పక్కలా పాతికేసి సెంటీమీటర్లు నల్లగా వదలాల్సిందే. దాన్ని 221కి సాగదీస్తే దాన్లో నటించిన తకాషి షిమురా ముఖం అప్పడంలా అవుతుంది, తోషిరో మిఫునే గెంతే ప్రతి గెంతూ పొట్టిదవుతుంది. జూమ్ పెడితే ఇంకా దారుణం, తల మీద జుట్టూ కింద సబ్‌టైటిలూ రెండూ ఎగిరిపోతాయి. రిమోట్‌లో ‘ఆస్పెక్ట్’ బటన్ నొక్కి ‘ఆటో’ గానీ ‘నేటివ్’ గానీ పెట్టాలి. ప్రొజెక్టర్ ఒక్కదాన్లో సరిచేస్తే చాలదు. ల్యాప్‌టాప్‌లోనో ప్లేయర్‌లోనో కూడా సాగదీత ఉంటుంది, రెండు చోట్లా చూడాలి.

1958లో ‘ద హిడెన్ ఫోర్ట్రెస్’తో లెక్క తిరగబడుతుంది. అది ఆయన మొదటి స్కోప్ సినిమా, తోహో కంపెనీ వాళ్ల తోహోస్కోప్‌లో తీసింది. అక్కణ్నుంచి 1965 ‘రెడ్ బియర్డ్’ దాకా అన్నీ స్కోపే. అదే తెర మీద వెడల్పు నిండుతుంది గానీ ఎత్తు 94 సెంటీమీటర్లకి పడిపోతుంది. ‘తెర సగమే వాడుతోందే’ అని ఎవరో ఒకరు జూమ్ నొక్కుతారు. నొక్కకూడదు. ‘హై అండ్ లో’ సినిమాలో మొదటి 55 నిమిషాలు దాదాపు ఒక్క హాల్లోనే నడుస్తాయి. షూ కంపెనీ పెద్దమనిషి, ఆయన భార్య, డ్రైవరు, పోలీసులు. కిడ్నాపర్ ఫోను మోగినప్పుడు ఎవరు ఎటు కదిలారు, ఎవరు చూపు తిప్పుకున్నారు అన్నదే కథ. కొడుకుని పోగొట్టుకున్న డ్రైవరు ఫ్రేము అంచున తలొంచుకుని నిలబడి ఉంటే, నడిమధ్యన యజమాని డబ్బు గురించి మాట్లాడుతుంటాడు. అంచులు కోస్తే డ్రైవరు పోతాడు, ఆ సీనుకున్న బరువూ పోతుంది.

ఇలాంటి సీన్ల వెనకున్న రాతపని గురించి కొంత చెప్పుకోవాలి. కురోసావాని అందరూ యుద్ధాల దర్శకుడిగా చూస్తారు గానీ, మనిషి మొదట రచయిత. 1936లో పీసీఎల్ స్టూడియోలో (తర్వాత తోహో అయింది అదే) సహాయ దర్శకుడిగా చేరాక, ఆయన గురువు కజిరో యమమోటో దర్శకుడివి కావాలంటే ముందు స్క్రిప్టులు రాయమన్నాడు. ఆ అలవాటు చివరిదాకా వదల్లేదు. పేరొచ్చాక కూడా ఒక్కడే కూచుని రాసింది తక్కువ. షినోబు హషిమోటో, హిడియో ఒగుని, ర్యూజో కికుషిమా లాంటి రచయితలతో సత్రం గదిలో మకాం పెట్టి రాసేవాడు. మన కథా చర్చలు లాడ్జి గదుల్లో నడిచినట్టే అనుకోవచ్చు, ఒక్క తేడాతో: అక్కడ చర్చ తక్కువ, రాత ఎక్కువ. ఒకే సీనుని కురోసావా, హషిమోటో విడివిడిగా రాసేవాళ్లు. ఒగుని కలం పట్టకుండా రెండూ చదివి తీర్పు చెప్పేవాడు. ‘సెవెన్ సమురాయ్’ని అతామి అనే ఊళ్లో ఒక సత్రంలో ఆరు వారాల పైచిలుకు అలాగే రాశారు. షూటింగు 148 రోజులు, మధ్యలో ఆగుతూ దాదాపు ఏడాది సాగింది.

అందుకే ఈ సినిమాల్లో ఒక చిన్న వస్తువు కనబడకపోయినా కథ కుంటుతుంది. ‘సెవెన్ సమురాయ్’లో బందిపోట్ల నుంచి ఊరిని కాపాడే సమురాయ్‌ల పెద్ద అయిన షిమురా పాత్ర ఊరి పటం మీద, చంపిన బందిపోటుకొక గుర్తు చొప్పున కొట్టేస్తూ పోతాడు. ప్రేక్షకుడు లెక్క పెట్టుకోవడానికే అది. చివరి వాన యుద్ధానికి ఇంకెంతమంది మిగిలారో పటం చూస్తేనే తెలుస్తుంది. ఈ ప్రొజెక్టర్ ఫ్యాక్టరీ సెట్టింగులో, ‘బ్రైట్’ మోడ్‌లో, ఆ కాగితం ఒట్టి తెల్ల ముద్దలా కాలిపోయింది. ‘సినిమా’ మోడ్‌కి మార్చి, కలర్ టెంపరేచర్ ‘వార్మ్’ చేసి, బ్రైట్‌నెస్ రెండు మెట్లు దించితే గీతలన్నీ కనబడ్డాయి. డీఎల్‌పీ యంత్రాల్లో ‘బ్రైట్’ మోడ్ వెలుతురు కోసం ఆకుపచ్చని ఎక్కువ తోస్తుంది. రంగుల సినిమాలో తెలియదు, నలుపు తెలుపులో పాచి పట్టినట్టు కనబడుతుంది.

మెనూలోనే ‘డైనమిక్ బ్లాక్’ అని ఒకటుంటుంది, దాన్ని ఆపేయాలి. చీకటి సీను రాగానే దీపం తగ్గించి, వెలుగు రాగానే పెంచే ఏర్పాటది. వాన యుద్ధాన్ని కురోసావా ఒకేసారి పలు కెమెరాలతో, దూరం నుంచి టెలిఫోటో లెన్సులతో తీసి, ముక్కలు చకచకా అతికాడు. బురద నలుపూ ఆకాశం తెలుపూ మారినప్పుడల్లా ఈ దీపం ఊగిసలాడి, ఓల్టేజీ సరిగ్గా లేని ఇంట్లో ట్యూబ్‌లైటులా అవుతుంది.

‘నాయిస్ రిడక్షన్’ కూడా సున్నా చేయాలి. ఫిల్ములో సహజంగా ఉండే గింజని (గ్రెయిన్) అది దుమ్ము అనుకుంటుంది. ‘థ్రోన్ ఆఫ్ బ్లడ్’ మౌంట్ ఫుజి వాలు మీద పొగమంచులో తీసిన సినిమా. గుర్రం మీద ఇద్దరు సేనానులు దారి తప్పి, మంచులోంచి వచ్చి మళ్లీ మంచులోకే పోతూంటారు, పదే పదే. నాయిస్ రిడక్షన్ ఉంటే మంచు కదలదు, బూడిదరంగు పాలిథీన్ కవరులా గడ్డకట్టి కూర్చుంటుంది.

ఈ డీఎల్‌పీకి అసలు పరీక్ష ‘రషోమన్’. 1950లో దైయేయి కంపెనీకి తీసింది. 1951లో వెనిస్ చిత్రోత్సవంలో మొదటి బహుమతి గోల్డెన్ లయన్ కొట్టి, జపాన్ సినిమాకి బయట తలుపు తెరిచింది. నిడివి 88 నిమిషాలే. రెండు సినిమాలు వేసే రోజైతే మొదట వేయదగ్గది ఇదే. మొదట్లో కట్టెలు కొట్టేవాడు గొడ్డలి భుజాన వేసుకుని అడవిలోకి నడుస్తాడు, మాట లేదు. కెమెరామన్ కజువో మియాగావా కెమెరాని అతని ముందూ వెనకా, ఆకుల కిందా పరుగెత్తించాడు, ఎండని అద్దాలతో ముఖాల మీదికి తిప్పాడు. ఆకుల సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా పడే ఆ ఎండలో చవక డీఎల్‌పీ దొరికిపోతుంది. దీన్లో రంగులు ఒకదాని వెంట ఒకటి తిరిగే చక్రంలోంచి వస్తాయి కాబట్టి, చూపు చటుక్కున పక్కకి తిప్పితే తెల్లచుక్క అంచున ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా మెరుస్తాయి. నల్లటి నేపథ్యం మీద తెల్ల సబ్‌టైటిల్‌లోనూ అంతే. పదిమందిలో ఏ ఇద్దరు ముగ్గురికో కనబడుతుంది, కనబడిన వాళ్లకి అరగంటలో తలనొప్పి. ఇంట్లో అలాంటివాళ్లుంటే బుక్ చేసేటప్పుడే ‘ఎల్‌సీడీ ప్రొజెక్టర్ ఉందా’ అని అడగాలి. నలుపు కాస్త బూడిదగా ఉంటుంది, ఇంద్రధనుస్సు మాత్రం ఉండదు.

అదే నడకలో ఇంకో లోపం కూడా తేలింది. ల్యాప్‌టాప్ 60 హెర్ట్జ్‌లో పంపుతుంటే చెట్లు గతుకుల రోడ్డు మీద బస్సులోంచి చూసినట్టు అదురుతాయి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. 60కి సరిపెట్టడానికి ఒక ఫ్రేముని రెండుసార్లూ మరోదాన్ని మూడుసార్లూ చూపించాల్సి వస్తుంది. డిస్‌ప్లే సెట్టింగుల్లో 24 హెర్ట్జ్ ఎంచుకుంటే సాఫీ అవుతుంది. ఈ యంత్రం 24 తీసుకుంది, ఈ ధరకి అది మెచ్చుకోదగ్గ సంగతే.

నలుపు తెలుపు వీడియోలోనే కలిసొచ్చే రంగు మచ్చలు పోవాలని కొందరు ‘కలర్’ని సున్నా చేసేస్తారు. మంచి ఉపాయమే. ‘హై అండ్ లో’ వేసే ముందు మాత్రం దాన్ని మళ్లీ యాభైకి తేవడం మర్చిపోకూడదు. సినిమా అంతా నలుపు తెలుపు. ఒక్కచోట, ఒక్క పొగగొట్టంలోంచి గులాబీ రంగు పొగ లేస్తుంది. నేరస్థుణ్ని పట్టించే ఆధారం అదే. కలర్ సున్నాలో ఉంటే పోలీసులు దేన్ని చూసి ఉలిక్కిపడ్డారో గదిలో ఒక్కరికీ అర్థం కాదు.

సౌండు ఈ ప్యాకేజీలో బలహీనమైన భాగం. పార్టీ స్పీకర్ చుట్టూ లైట్లు వెలుగుతుంటాయి, వాటిని ఆపే బటన్ వెనక కింద ఉంది. బేస్ బూస్ట్ తీసేయాలి. 1957 దాకా కురోసావా అంతా మోనో కాబట్టి స్పీకరు ఒక్కటే ఉండడం ఇక్కడ లోపం కాదు, తెరకి పక్కన కాకుండా సరిగ్గా కిందో వెనకో పెడితే చాలు. లోపం బ్లూటూత్‌ది. కుర్రాడు అలవాటు కొద్దీ బ్లూటూత్‌లోనే కలుపుతాడు, అందులో మాట పెదవుల వెనక పడుతుంది. తెలియని భాష కదా, పట్టించుకోరని అనుకోవచ్చు. ‘సంజురో’ చివరి సీను పెట్టి చూడండి. ఇద్దరు ఎదురెదురుగా, చేయి చాపితే తగిలే దూరంలో, కదలకుండా నిలబడతారు. సెకన్లు గడుస్తాయి. గదిలో వినబడేది ప్రొజెక్టర్ ఫ్యాను హోరొక్కటే (ఎకో మోడ్‌లో పెడితే అదీ తగ్గుతుంది). ఒక్క వేటు, ఎగజిమ్మిన నెత్తురు, అయిపోయింది. వేటు కనబడిన క్షణం తర్వాత చప్పుడు వస్తే ఆ నిరీక్షణంతా వృథా. ప్రొజెక్టర్ వెనక ఆడియో అవుట్ రంధ్రంలోంచి 3.5 ఎంఎం వైరు లాగి స్పీకర్‌కి పెట్టాలి. ఆ వైరు ప్యాకేజీలో లేదు, బీసెంట్ రోడ్డులో ఎక్కడైనా దొరుకుతుంది. నాలుగు మీటర్లకి తక్కువ కొనొద్దు.

‘రాన్’కి ఒక హెచ్చరిక. కోట ముట్టడిలో కురోసావా చప్పుళ్లన్నీ తీసేశాడు. బాణాలు, మంటలు, శవాలు, పైన తోరు తకెమిట్సు సంగీతం, అంతే. సౌండు పోయిందని రిమోట్ పట్టుకుని వాల్యూమ్ పెంచేవాళ్లుంటారు. కాసేపట్లో ఒక్క తుపాకీ మోతతో చప్పుళ్లన్నీ తిరిగొస్తాయి, పెంచిన వాల్యూమ్‌కి పక్క ఫ్లాట్ వాళ్లు కూడా లేస్తారు. రంగులకి కూడా ఇదే గట్టి పరీక్ష. కథలో ముసలి ప్రభువు ముగ్గురు కొడుకుల సైన్యాలకీ పసుపు, ఎరుపు, నీలం. ఎమి వాడా ఆ దుస్తులకి ఆస్కార్ అందుకుంది. ‘వివిడ్’లో ఎరుపు జెండాలు ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి, ‘సినిమా’ మోడ్‌లో గుడ్డ మడతలు కనబడతాయి.

రంగులకి ఆయన ఆలస్యంగా వచ్చాడు. 1970 ‘డోడెస్కాడెన్’ మొదటిది. అది ఆడలేదు, మరుసటి ఏడాది ఆయన ఆత్మహత్యకి ప్రయత్నించాడు. సోవియట్ వాళ్లు పిలిస్తే సైబీరియా వెళ్లి 1975లో ‘డెర్సు ఉజాలా’ తీశాడు, ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ వచ్చింది. ‘కగెముషా’కి డబ్బు దొరక్క సీన్లన్నీ బొమ్మలుగా వేసుకుంటూ కూర్చున్నాడు (మొదట చిత్రకారుడు కావాలనుకున్న మనిషే). హాలీవుడ్ దర్శకులు కొప్పోలా, లూకాస్ వెనక నిలబడ్డాక 1980లో అది పూర్తయి కాన్ చిత్రోత్సవంలో మొదటి బహుమతి పామ్ డోర్ పంచుకుంది. ‘రాన్’ తర్వాతి మూడూ, అంటే ‘డ్రీమ్స్’, ‘రాప్సడీ ఇన్ ఆగస్ట్’, ‘మదదయో’, పట్టుబట్టి పెద్ద తెర మీద చూడాల్సినవి కావు. ఒక్క ‘డ్రీమ్స్’కి మినహాయింపు ఇవ్వొచ్చు.

డిస్కుల సంగతి. డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే కోడ్ రీజియన్; మన దేశానికి డీవీడీ రీజియన్ 5, బ్లూరే రీజియన్ సి. కురోసావా మంచి ప్రింట్లు ఎక్కువగా అమెరికా బ్లూరేలు (ఎ), బ్రిటన్ బ్లూరేలు (బి). మామూలు ప్లేయర్ వాటిని వెనక్కి ఉమ్మేస్తుంది, రీజియన్ ఫ్రీ ప్లేయర్ కావాలి. ల్యాప్‌టాప్ డీవీడీ డ్రైవులో రీజియన్ ఐదుసార్లే మార్చనిస్తుంది, ఐదోసారి ఏది పెడితే అదే శాశ్వతం. యూరప్ టీవీ పద్ధతి అయిన పాల్‌లో చేసిన డీవీడీల్లో సినిమా సెకనుకి 25 ఫ్రేములతో పరుగెడుతుంది, 207 నిమిషాల ‘సెవెన్ సమురాయ్’ 199కి వచ్చేస్తుంది. కోశారేమోనని కంగారు పడక్కర్లేదు. కానీ నిజంగా కోసినవీ ఉన్నాయి. ‘కగెముషా’ జపాన్ ప్రతి 180 నిమిషాలు, విదేశాలకి పంపింది 162. అట్ట వెనక నిమిషాలు చదివాకే డబ్బివ్వాలి. ‘ది ఇడియట్’ అసలు నిడివి 265, ఇప్పుడు మిగిలింది 166. దాని పూర్తి ప్రతి అమ్ముతామంటే నమ్మొద్దు. ఇంకోటి, ఈ డిస్కులు ఇంట్లో చూసుకోవడానికే. కమ్యూనిటీ హాల్లో పదిమందిని పిలిచి వేయాలంటే టికెట్ లేకపోయినా హక్కుదారు అనుమతి కావాలి.

ఎక్కడ వేయాలి? హాల్లోనే. 221 సెంటీమీటర్ల వెడల్పు రావడానికి ఈ ప్రొజెక్టర్‌ని తెరకి తొమ్మిది అడుగుల దూరంలో పెట్టాలి, కుర్చీలు దాని వెనక. పన్నెండడుగుల హాలు చాలు. ప్రొజెక్టర్ని స్టూలు మీద వంచి పెట్టి కీస్టోన్‌తో (వంకరపోయిన బొమ్మ అంచుల్ని నిటారు చేసే సెట్టింగు) సరిచేయడం కొట్టువాళ్ల అలవాటు. కీస్టోన్ వాడితే గీతల చుట్టూ మెట్లు వస్తాయి. ఎత్తు కలిసేలా పుస్తకాలు పేర్చి, కీస్టోన్ సున్నాలో ఉంచితే పదును మిగులుతుంది.

డాబా మీద వేసుకుంటే సరదాగా ఉంటుందని కొట్టువాళ్లూ అంటారు. కురోసావాకి వద్దు. మేలో ఏడుంపావు దాకా సరైన చీకటి పడదు. ఏడున్నరకి ‘సెవెన్ సమురాయ్’ మొదలెడితే పదకొండు అవుతుంది, రాత్రి పది తర్వాత ఆరుబయట స్పీకరు కుదరదు. కృష్ణలంక వైపు డాబాల మీద ఏటిగాలికి ట్రైపాడ్ తెర తెరచాపలా ఉబ్బుతుంది, సమురాయ్‌లందరికీ పొట్టలొస్తాయి. వానాకాలమైతే లెన్సు ముందు పురుగులు. హాల్లో పరదాలు మూసి మధ్యాహ్నం మూడున్నరకి మొదలెడితే, ఇంటర్వెల్‌తో సహా ఏడుకి లేవొచ్చు. ఇంటర్వెల్ మనం పెట్టుకునేది కాదు, సినిమాలోనే ఉంది. సగం దాటాక తెర మీద అక్షరాలు పడి సంగీతం మోగుతుంది, 207లో అదీ కలిసే ఉంది. దాన్ని దాటవేయకండి, టీ కాచుకోవడానికి సరిపోతుంది.

కరెంటు గురించి. దీపమున్న ప్రొజెక్టర్ మూడు వందల వాట్ల దాకా లాగుతుంది. ఇంటి ఇన్వర్టర్ మీద రెండు ఫ్యాన్లతో పాటు నడిచింది, ఏసీ మాత్రం కుదరదు. ఏప్రిల్, మే నెలల్లో గోడకి ఆనించి పెడితే వేడెక్కి గంటన్నరకి తనే ఆగిపోతుంది, వెనకా పక్కలా అడుగు ఖాళీ ఉంచాలి.

1,800కి రెండు సినిమాలు చూడకపోతే గిట్టదు. శనివారం 11కి తీసుకుని, మధ్యాహ్నం ‘రషోమన్’, సాయంత్రం ‘యోజింబో’ (110 నిమిషాలు, మాటలు తక్కువ, సబ్‌టైటిల్స్ అలవాటు లేని పెద్దవాళ్లకి కూడా తేలిక). ఇంకో వారం ‘సెవెన్ సమురాయ్’ ఒక్కటే. ‘ఇకిరు’ని రెండు సినిమాల రోజున ఇరికించొద్దు. కడుపు క్యాన్సర్ వచ్చిన ఒక మున్సిపల్ సెక్షన్ అధికారి కథ. మూడింట రెండొంతులకే హీరో చనిపోతాడు, మిగతాదంతా అతని సంతాపానికి వచ్చిన ఆఫీసు వాళ్లు సాకే (జపాన్ బియ్యపు మద్యం) తాగుతూ, పార్కు కట్టిన ఘనత ఎవరిదని వాదించుకోవడమే. మున్సిపల్ ఆఫీసులో ఒక్కసారైనా ఫైలు వెంట తిరిగినవాళ్లకి ఆ భాగం సబ్‌టైటిల్ లేకుండానే అర్థమవుతుంది. దాని తర్వాత ఇంకో సినిమా ఎక్కదు.

పదికి మార్కులు: యంత్రానికి ఏడు, తెరకి ఎనిమిది, సౌండుకి నాలుగు, కుర్రాడి ఓపికకి తొమ్మిది. తిరిగిచ్చేటప్పుడు పవర్ బటన్ నొక్కాక ఫ్యాను ఆగేదాకా రెండు నిమిషాలు ప్లగ్గు పీకొద్దు, వేడి మీద సంచిలో పెట్టొద్దు. దీపం పేలితే డిపాజిట్‌లోంచి కోస్తామని రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంది.